నాలుగు డాలర్లకి నాలుగు బ్యాండ్లు

1988లో ఎమ్మెస్ చదవడానికి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కి వెళ్తున్నానని చెబితే మా బంధువులంతా వాషింగ్టన్ డీసీ అనుకున్నారు. వైట్‌హౌస్ ముందు నిలబడి ఫోటో తీయించుకుని పంపమన్నారు. అది కాదు, ఇది అమెరికా మ్యాపులో ఎడంపక్క పైమూల, కెనడాకి దగ్గర, ఊరి పేరు సియాటిల్ అంటే ‘‘అక్కడేముందిరా?’’ అన్నారు నాన్న. విమానాలు తయారుచేసే బోయింగ్ ఉందన్నాను. నాకు తెలిసిందీ అంతే.

వెళ్ళాక చూస్తే అమెరికావాళ్ళకి కూడా ఆ ఊరి గురించి అంతకు మించి తెలీదు. పేరున్న రాక్ బ్యాండ్లు దేశమంతా తిరిగి కచేరీలు చేసేవి కానీ, వాటిలో చాలా శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వచ్చి అటునుంచి అటే వెనక్కి మళ్ళేవి. అక్కడినుంచి మా ఊరు 800 మైళ్ళు. అంత దూరం వ్యాను తోలుకొస్తే పెట్రోలు డబ్బులు కూడా రావని వాళ్ళ లెక్క. 1970ల మొదట్లో బోయింగ్ వేలమందిని ఇంటికి పంపేసినప్పుడు ‘సియాటిల్ వదిలి వెళ్ళే ఆఖరి మనిషి లైట్లు ఆర్పేసి వెళ్ళండి’ అని ఎవరో హోర్డింగ్ పెట్టారట. నేను వెళ్ళేనాటికి ఊరు కోలుకుంది గానీ డౌన్‌టౌన్‌లో పాతబడ్డ భవనాలూ, చవక అద్దెలూ అలాగే ఉన్నాయి. అక్టోబర్‌లో పట్టిన ముసురు మే దాకా వదలదు. బయటినుంచి ఎవరూ రారు, సాయంత్రం పూట చేసేదేమీ లేదు, బేస్‌మెంట్‌లో ఎంత చప్పుడు చేసినా అడిగేవాడు లేడు. ఆ ఊరి కుర్రాళ్ళు గిటార్లు పట్టుకోవడానికి నాకు కనిపించే కారణాలు ఇవే. ఆ గాలిలోనే ఏదో ఉందని తర్వాత్తర్వాత పత్రికలవాళ్ళు రాశారు. గాలిలో ఉన్నది తేమ, అంతే.

మా ల్యాబ్‌లో ఫర్నేస్ ఒకసారి ఎక్కించారంటే రాత్రంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్ళకే ఆ డ్యూటీ పడేది. తోడుగా ఒక పాత రేడియో. దాని ముల్లు ఎప్పుడూ 90.3 దగ్గరే ఉండేది. అది కేసీఎంయూ, మా యూనివర్సిటీ స్టేషనే. క్యాంపస్‌లోని కమ్యూనికేషన్స్ బిల్డింగ్‌లోంచి ఎక్కువగా వాలంటీర్లే నడిపేవారు. వివిధభారతితో, ఇళయరాజా క్యాసెట్లతో పెరిగిన నా చెవులకి మొదట్లో అది ఉత్త గోల. పల్లవి ఏదో, చరణం ఏదో, వాడు పాడుతున్నాడో తిడుతున్నాడో తెలిసేది కాదు. కాకపోతే రాత్రి రెండింటికి నిద్ర ఆపుకోవడానికి అంతకన్నా మంచి మందు లేదు. చలికాలం ముదిరేసరికి ఆ గోలలో ట్యూన్ వినపడటం మొదలైంది. ఇంకొన్నాళ్ళకి ల్యాబ్ నుంచి ఇంటికొచ్చాక కూడా అదే స్టేషన్ పెట్టుకునేవాణ్ణి. రూమ్మేట్లు ‘‘ఏంట్రా ఈ రచ్చ, ఆపు’’ అని మొత్తుకునేవారు.

మా ల్యాబ్‌లో ఒక అమెరికన్ కుర్రాడు ఉండేవాడు. వారాంతాల్లో ఏదో బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేవాడు. రేడియోలో ఏ పేరు వినపడినా, వాడెవడో ఎక్కడ పనిచేస్తాడో, ఎవరితో కలిసి ఇల్లు అద్దెకి తీసుకున్నాడో చెప్పేవాడు. అలా వింటూ వింటూ నాకు ఆ ఊరి సంగీతం గుట్టు కొంచెం తెలిసింది. అక్కడ వాయించేవాళ్ళు, వినేవాళ్ళు, రాసేవాళ్ళు, రికార్డులు అమ్మేవాళ్ళు అంటూ వేరువేరుగా ఎవరూ లేరు. అన్నీ ఒకళ్ళే. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో నాటకం వేస్తే హార్మోనియం ముందున్నాయన పొద్దున మాకు లెక్కలు చెప్పిన మాస్టారే అయినట్టు.

బ్రూస్ పావిట్ అనే ఆయన 1980లో సియాటిల్‌కి దగ్గర్లోని ఒలింపియాలో చదువుకుంటూ, ఊరూరా ఎవరికీ తెలియని బ్యాండ్ల గురించి ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. సియాటిల్ వచ్చాక ‘ద రాకెట్’ అనే ఉచిత సంగీత పత్రికలో కాలమ్ రాశాడు, కేసీఎంయూలో షో చేశాడు. అదే స్టేషన్‌లో ఇంకో షో చేసే జొనాథన్ పోన్‌మన్‌ని ఆయనకి కలిపింది సౌండ్‌గార్డెన్ అనే బ్యాండ్‌లో గిటారిస్ట్ కిమ్ థయిల్. ఈయనా అక్కడి డీజేనే. ఆ ఇద్దరూ కలిసి సబ్ పాప్ అనే రికార్డు కంపెనీకి 1988లో ఆఫీసు తెరిచారు. కంపెనీ అంటే అద్దె కట్టడానికి ఆపసోపాలు పడే కంపెనీ. మడ్‌హనీ బ్యాండ్ గాయకుడు మార్క్ ఆర్మ్ లాంటివాళ్ళు కొన్నాళ్ళు పొట్టకూటికి పనిచేసింది ఎక్కడనుకున్నారు? మ్యూజాక్‌లో. లిఫ్టుల్లో, సూపర్‌మార్కెట్లలో వినీవినపడనట్టు మెత్తటి సంగీతం వస్తుంది చూడండి, ఆ సంగీతం సప్లై చేసే కంపెనీ. తిరిగొచ్చిన టేపుల డబ్బాలు తుడవడం పని. పగలంతా ఆ పని చేసినవాడు సాయంత్రం ఆంప్లిఫయర్ పగిలేలా ఎందుకు వాయిస్తాడో నాకు వేరే వివరణ అక్కర్లేదు.

1989 ఫిబ్రవరి 25న మా స్టూడెంట్ యూనియన్ బిల్డింగ్‌లో, అందరూ ‘హబ్’ అంటారు దాన్ని, ఒక కచేరీ పెట్టారు. నాలుగు బ్యాండ్లు, నాలుగు డాలర్లు. ల్యాబ్ కుర్రాడు రమ్మన్నాడు. మా గుంటూరు రూమ్మేట్ ‘‘నాలుగు డాలర్లంటే ఇండియాలో అరవై రూపాయలురా’’ అని లెక్కగట్టి, చివరికి తనే ముందు బయల్దేరాడు. వాయించినవి డెన్వర్ నుంచి వచ్చిన ద ఫ్లూయిడ్, స్కిన్ యార్డ్, టకోమా వాళ్ళ గర్ల్ ట్రబుల్, ఇంకా తర్వాత లోకమంతా పేరు మోగిన నిర్వాణా. ఇప్పుడు ఈ మాట చెబితే వినేవాళ్ళు కుర్చీలో ముందుకి జరుగుతారు. నిర్వాణాని ఆ రోజుల్లో చూశారా, ఎలా ఉండింది అని అడుగుతారు. నాకు ఆ రాత్రి బాగా గుర్తున్నది గర్ల్ ట్రబుల్. హుషారుగా, కాళ్ళు ఆగనివ్వకుండా వాయించారు. నిర్వాణా వాయిస్తుంటే మాత్రం నేను కళ్ళజోడు చేత్తో పట్టుకుని గోడకి అతుక్కుని ఉన్నాను. ముందువరసలోవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు, స్టేజీ ఎక్కి జనంలోకి దూకుతున్నారు. తెల్లజుట్టు కుర్రాడు గొంతు చించుకుంటున్నాడు. పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు.

స్కిన్ యార్డ్‌లో గిటార్ వాయించిన జాక్ ఎండీనో గురించి చెప్పాలి. ఆయనే రెసిప్రొకల్ రికార్డింగ్ అనే చిన్న స్టూడియోలో ఇంజినీరు. బల్లార్డ్ వైపు, మూడుమూలల బిల్డింగ్ అది. ఊళ్ళో బ్యాండ్లన్నీ అక్కడికే వెళ్ళేవి, ఎందుకంటే చవక, పైగా ఆయన పని త్వరగా తెమిల్చేవాడు. నిర్వాణా మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ అక్కడ రికార్డు చేయడానికి అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ఆల్బమ్ అట్ట మీద 600 డాలర్లని వేశారు. ఆ డబ్బు కట్టింది జేసన్ ఎవర్‌మన్ అనే రెండో గిటారిస్ట్. ఆల్బమ్‌లో అతను ఒక్క స్వరం కూడా వాయించలేదు, అట్ట మీద మాత్రం పేరూ బొమ్మా వేశారు. తర్వాత అతను అమెరికన్ సైన్యంలో చేరి స్పెషల్ ఫోర్సెస్ దాకా వెళ్ళాడు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా విచిత్రమైన జీవితం అతనిదే అనిపిస్తుంది.

హబ్‌లాంటి కచేరీలు అరుదు. సిటీవాళ్ళు 1985లో టీన్ డాన్స్ ఆర్డినెన్స్ అని ఒకటి తెచ్చారు. చిన్నపిల్లలు వచ్చే డాన్సులకీ కచేరీలకీ 10 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ తీసుకోవాలి, పోలీసుల్ని పెట్టుకోవాలి. ఎవరికుంది అంత? అందుకని బ్యాండ్లు బార్లలోనే ఎక్కువ వాయించేవి, అక్కడికి వెళ్ళాలంటే 21 నిండాలి. పయొనీర్ స్క్వేర్‌లో సెంట్రల్, ఫస్ట్ ఎవెన్యూ మీద వోగ్, వయాడక్ట్ కింద ఓకే హోటల్. డ్రైవింగ్ లైసెన్స్ లేని మాకు పాస్‌పోర్టే గతి. గుమ్మం దగ్గర బౌన్సర్ టార్చిలైటు వేసి మూడు సింహాల బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

కిమ్ థయిల్ పేరు మా ఇంట్లో ఒక గొడవ. మా ఇంకో రూమ్మేట్ మలయాళీ, పీహెచ్‌డీ చేసేవాడు. పాటలంటే జేసుదాస్ తప్ప ఎవరూ లేరతనికి. రేడియోలో ఒకరోజు ఆ పేరు వినపడగానే కంచం దగ్గరనుంచి లేచొచ్చాడు. ‘థయిల్’ కేరళ ఇంటిపేరే అని పట్టుబట్టాడు. మేం నవ్వాం. తర్వాత తెలిస్తే నిజమే. కిమ్ పుట్టింది సియాటిల్‌లో, పెరిగింది ఇలినాయ్‌లో, అమ్మానాన్నలు కేరళ నుంచి వచ్చినవాళ్ళు. మా యూనివర్సిటీలోనే ఫిలాసఫీ చదివాడు. మన అమ్మానాన్నలు డాక్టరు, ఇంజినీరు తప్ప మూడోది లేదనుకునే రోజులవి. ఒక మలయాళీ దంపతుల కొడుకు ఫిలాసఫీ డిగ్రీ తీసుకుని గడ్డం పెంచి గిటార్ వాయిస్తున్నాడంటే వాళ్ళింట్లో ఏమన్నారో అని మేం రోజుల తరబడి ఊహించుకున్నాం.

సౌండ్‌గార్డెన్ని చూడటానికి వెళ్ళిన రాత్రి మా గుంటూరువాడు ఇంకో సంగతి కనిపెట్టాడు. వాడు చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాడు. పాట మధ్యలో నా భుజం మీద వేళ్ళతో కొడుతూ ‘‘తకిట తకధిమి, తకిట తకధిమి... ఒరేయ్, ఇది మిశ్రచాపురా’’ అని చెవిలో అరిచాడు. వాళ్ళు ఏడు లెక్కలో వాయించడం అదే మొదలూ కాదు, ఆఖరూ కాదు. 1991 ఆల్బమ్‌లో ‘అవుట్‌షైన్డ్’ ఏడే. 1994లో లోకమంతా విన్న ‘స్పూన్‌మన్’ కూడా ఏడే. అది మా ఊళ్ళో వీధుల్లో చెంచాలతో తాళం వేస్తూ డబ్బులడిగే ఒక కళాకారుడి మీద కట్టిన పాట, రికార్డులో చెంచాలు వాయించింది ఆయనే. ఎంటీవీలో ఆ పాట వచ్చినప్పుడల్లా మావాడు ఒళ్ళో తాళం వేసుకునేవాడు. వాళ్ళు కర్ణాటక సంగీతం విని చేశారని నేననను. కాళ్ళకి అలవాటైన నాలుగు లెక్క తప్పించి వాయిస్తే జనం తడబడతారు, ఆ తడబాటు వాళ్ళకి సరదా.

ఇక ఇది ఊరు దాటిన వైనం. సబ్ పాప్ వాళ్ళకి డబ్బు లేదు గానీ ఆర్భాటం చాలా తెలుసు. 1988 నవంబర్‌లో సింగిల్స్ క్లబ్ అని పెట్టారు. చందా ముందే కడితే నెలకో రికార్డు ఇంటికొస్తుంది. మొదటిది నిర్వాణాదే, 1000 కాపీలు, ఒక్కోదాని మీదా నంబరు వేశారు. చందా డబ్బులు ముందే చేతికొచ్చేవి, అసలు కిటుకు అదే. 1989 మొదట్లో ఇంగ్లండ్‌లోని ‘మెలొడీ మేకర్’ పత్రిక రచయిత ఎవరెట్ ట్రూని సొంత ఖర్చుతో పిలిపించారు. ఆయన వెళ్ళి ఈ ఊరి గురించి ఆకాశానికెత్తి రాశాడు. న్యూయార్క్‌వాళ్ళకి సియాటిల్ గొప్పదని లండన్‌వాళ్ళు చెప్పాల్సొచ్చింది. మన దగ్గర కూడా అంతేగా, బయటివాడు మెచ్చుకున్నాకే ఇంట్లోవాడు కళ్ళకి ఆనతాడు. చార్ల్స్ పీటర్సన్ తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు కూడా చాలా పని చేశాయి. చెమట, జుట్టు, గాల్లో తేలే కాళ్ళు. ఎవరు బ్యాండో ఎవరు జనమో తెలియని ఫోటోలవి. సంగీతం ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, కానీ అలాంటి గుంపులో తానూ ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ఏడాది జూన్ 9న మూర్ థియేటర్‌లో మడ్‌హనీ, టాడ్, నిర్వాణా కలిసి వాయిస్తే హాలు నిండిపోయింది. బార్లలో వందమందికి వాయించేవాళ్ళు థియేటర్ నింపారని మా ల్యాబ్ కుర్రాడు వారం రోజులు అదే చెప్పాడు.

1990 మార్చిలో మదర్ లవ్ బోన్ బ్యాండ్ గాయకుడు ఆండ్రూ వుడ్ హెరాయిన్ వల్ల చనిపోయాడు. వాళ్ళ మొదటి పూర్తి ఆల్బమ్ బయటికి రావడానికి కొన్ని నెలల ముందు. ఊళ్ళో అందరికన్నా ముందు పెద్ద స్టార్ అయ్యేది అతనేనని అనేవారు. ఆ బ్యాండ్‌లో మిగిలిన ఇద్దరు ఇంకొందరితో కలిసి అదే అక్టోబర్‌లో ఆఫ్ ర్యాంప్ అనే చోట వాయించిన బ్యాండే తర్వాత పర్ల్ జామ్ అయింది.

అప్పటికి నా చదువైపోయింది. సరస్సు అవతల, ఈస్ట్‌సైడ్‌లో, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే 520 బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో కూర్చుని కేసీఎంయూ వినడమే మిగిలింది. 1991 సెప్టెంబర్ 24న నిర్వాణా రెండో ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చింది. మొదట అమెరికా మొత్తానికి పంపినవి 46 వేల కాపీల చిల్లర. కంపెనీ కూడా పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదు. వారం ముందు యూనివర్సిటీ డిస్ట్రిక్ట్‌లో బీహైవ్ అనే రికార్డుల షాపులో వాళ్ళు ఉచితంగా వాయించారు. షాపు పట్టనంతమంది వచ్చారట. నేను వెళ్ళలేదు. ఆఫీసులో ఏదో డెడ్‌లైన్.

జనవరి 11 నాటి బిల్‌బోర్డ్ పత్రిక అమ్మకాల లెక్కలో అది మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ని దింపి మొదటి స్థానానికొచ్చింది. దీని గురించి ఇంజినీరుగా నాకో అభిప్రాయం ఉంది. అంతకుముందు దాకా బిల్‌బోర్డ్‌వాళ్ళు షాపులకి ఫోన్ చేసి ఏవి బాగా పోతున్నాయని అడిగేవారు. షాపువాడు ఏది చెబితే అది. 1991 మేలో సౌండ్‌స్కాన్ అనే పద్ధతి వచ్చింది, కౌంటర్ దగ్గర బార్‌కోడ్ గీసినప్పుడే లెక్క పడుతుంది. పిల్లలు అసలేం కొంటున్నారో అప్పుడు బయటపడింది. ఒక్క రాత్రిలో లోకం మారిపోయిందని రాసేవాళ్ళు ఈ బార్‌కోడ్ సంగతి ఎందుకు రాయరో నాకు తెలీదు. లోకం కొంత మారింది, మిగతాది సరిగ్గా లెక్కపెట్టారు.

తర్వాతి ఏడాది ఒక తిరనాళ్ళ. మేం చలికి తాళలేక, వేల్యూ విలేజ్‌లో పాతబట్టల్లో ఏరుకుని రెండు మూడు డాలర్లకి కొనుక్కున్న గళ్ళ ఫ్లానెల్ చొక్కాలు ఉన్నట్టుండి ఫ్యాషన్ అయిపోయాయి. న్యూయార్క్‌లో మార్క్ జేకబ్స్ అనే డిజైనర్ వాటిని పట్టుతో కుట్టించి మోడళ్ళకి తొడిగాడు. ఆ షో తర్వాత అతని ఉద్యోగం పోయింది. న్యూయార్క్ టైమ్స్‌వాళ్ళు సియాటిల్ కుర్రాళ్ళు ఏ యాసలో మాట్లాడుకుంటారో రాయాలని, ఇంతకుముందు సబ్ పాప్‌లో రిసెప్షనిస్ట్‌గా చేసిన మేగన్ జాస్పర్‌కి ఫోన్ చేశారు. ఆవిడ అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలు కల్పించి చెప్పింది. 1992 నవంబర్ 15న వాళ్ళు ఆ పట్టిక యథాతథంగా అచ్చువేశారు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఎవడో ఆ మాటలతో టీషర్టులు కూడా వేయించాడు.

ఆ సెప్టెంబర్‌లోనే పర్ల్ జామ్ మాగ్నూసన్ పార్క్‌లో ఉచిత కచేరీ ఇచ్చింది. ముందు గ్యాస్‌వర్క్స్ పార్క్ అన్నారు, సిటీవాళ్ళు చివరి నిమిషంలో వద్దన్నారు. వచ్చినవాళ్ళు 30 వేలమంది దాకా. పక్కనే గాలికి ఈల వేసే గొట్టాల శిల్పం ఉంటుంది, సౌండ్‌గార్డెన్ తన పేరు తీసుకుంది దాన్నుంచే. నేనూ మా గుంటూరువాడూ వెళ్ళాం. చాలా బాగా వాయించారు. కానీ స్టేజీ మీదున్నవాళ్ళు మాకు వేలెడంత కనపడ్డారు. చుట్టూ ఉన్నవాళ్ళలో వాళ్ళని రేడియోలోనో, షాపు కౌంటర్లోనో చూసినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ అందరూ వినేవాళ్ళే. అది తప్పని అనను, 30 వేలమంది బ్యాండ్ కట్టలేరుగా. మా ల్యాబ్ కుర్రాడు మాత్రం రాలేదు. ‘‘అది మనది కాదిప్పుడు’’ అన్నాడు. అతని బ్యాండ్ అప్పటికే విడిపోయింది. కాలిఫోర్నియా నుంచి గిటార్లు వేసుకుని వచ్చి దిగేవాళ్ళ వల్ల మా ఊరి క్యాపిటల్ హిల్ పేటలో అద్దెలు పెరిగాయని కూడా తిట్టుకునేవాడు.

1993లో హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు ఉత్తరం రాశాడు. స్టార్ టీవీ కేబుల్ వచ్చింది, అందులో ఎంటీవీ వస్తోంది. ‘అన్నయ్యా, నువ్వుండే సియాటిల్, ఈ నిర్వాణావాళ్ళ సియాటిల్ ఒకటేనా? అయితే మాకెందుకు చెప్పలేదు?’ అని. ఏం రాయను? వైట్‌హౌస్ ఫోటో అడిగినవాళ్ళకి హబ్‌లో గర్ల్ ట్రబుల్ గురించి రాస్తే ఏం అర్థమవుతుంది? రెండు క్యాసెట్లు పోస్ట్ చేశాను. ‘బ్లీచ్’ వాడికి నచ్చలేదు, గోలగా ఉందన్నాడు.

ఆ జులైలో గిట్స్ బ్యాండ్ గాయని మియా జపాటాని రాత్రివేళ ఇంటికెళ్తుంటే ఎవడో చంపేశాడు. 27 ఏళ్ళు. అప్పటిదాకా అర్ధరాత్రి కూడా నిశ్చింతగా తిరిగిన ఆడపిల్లలు ‘హోమ్ ఎలైవ్’ అని పెట్టుకుని ఆత్మరక్షణ నేర్చుకోవడం మొదలుపెట్టారు. హంతకుడు డీఎన్ఏ ద్వారా దొరికేసరికి 2003 వచ్చింది. లోకానికి 1994 ఏప్రిల్ గుర్తుంటుంది. ఊళ్ళోవాళ్ళని అడిగితే ఈ జులై గురించే ముందు చెబుతారు.

నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ పోయిన వార్త ఏప్రిల్ 8, శుక్రవారం వచ్చింది. ఆదివారం సియాటిల్ సెంటర్‌లో వేలమంది పోగయ్యారు. నేనూ వెళ్ళాను. సగంమంది పదిహేనేళ్ళ పిల్లలు, కొత్త ఫ్లానెల్ చొక్కాల్లో. అతని భార్య గొంతు రికార్డు చేసి వినిపించారు. అతను రాసిన ఆఖరి ఉత్తరం చదువుతూ మధ్యమధ్యలో అతన్నే తిట్టింది. తర్వాత పిల్లలు ఫౌంటెన్‌లోకి దిగిపోయారు. టీవీ వ్యాన్లు ఎన్ని వచ్చాయో చెప్పలేను.

మరుసటేడు సబ్ పాప్ తన వ్యాపారంలో 49 శాతం వార్నర్‌కి అమ్మింది. ఓకే హోటల్ 2001 భూకంపంలో దెబ్బతిని మూతపడింది. కేసీఎంయూ పేరు మారి కేఈఎక్స్‌పీ అయింది, ఇప్పుడు ప్రపంచమంతా వింటారు. మార్క్ ఆర్మ్ మడ్‌హనీలో వాయిస్తూనే ఏళ్ళ తరబడి సబ్ పాప్ గిడ్డంగిలో మేనేజర్‌గా చేశాడు, ఆర్డర్లు ప్యాక్ చేయించి పంపడం పని. న్యూయార్క్ టైమ్స్‌ని ఆటపట్టించిన మేగన్ జాస్పర్ ఆ కంపెనీకే సీఈఓ అయింది. ఒకప్పుడు చెక్కులు బౌన్సయ్యే ఆ కంపెనీకి 2014 నుంచి సియాటిల్ ఎయిర్‌పోర్ట్‌లో షాపు కూడా ఉంది.

మొన్న ఇండియాకి బయల్దేరేముందు మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. ‘‘పెదనాన్నా, ఎయిర్‌పోర్ట్‌లో సబ్ పాప్ షాపుందట కదా, ‘లూజర్’ అని రాసుండే టీషర్ట్ తెస్తావా? మీడియం.’’ వెనకనుంచి వాళ్ళ నాన్న గొంతు: ‘‘నాక్కూడా ఒకటి అన్నయ్యా, డబుల్ ఎక్సెల్!’’